ఓపీ క్యూని కంప్యూటర్‌లో నడిపి చూడటం ఎలా?

సోమవారం పొద్దున్నే ఏదైనా ఏరియా ఆసుపత్రికి వెళ్ళి చూడండి. ఓపీ చీటీల కౌంటర్ తెరవకముందే వరస గేటు దాకా వచ్చి ఉంటుంది. కొందరు తమ చోట చెప్పులో, సంచో పెట్టి చెట్టు నీడకి పోయి కూర్చుంటారు. ఆ వరసని చూసి ఎవరో ఒకరు అంటారు, "ఇంకో డాక్టర్ని వేస్తే సరిపోతుంది కదా" అని.

సరిపోవచ్చు, సరిపోకపోవచ్చు. ఇంకో డాక్టర్ని వేసి, ఆర్నెల్లు చూసి, క్యూ తగ్గలేదని అప్పుడు తెలుసుకోవడం చాలా ఖరీదైన పద్ధతి. అంతకంటే ముందు ఆ ఓపీని కంప్యూటర్‌లో కట్టి, అందులో డాక్టర్లని పెంచి, తగ్గించి, కౌంటర్లు జరిపి చూడొచ్చు. దీన్నే సిమ్యులేషన్ అంటారు. అందులో తప్పు చేస్తే పేషెంటుకి నష్టం లేదు.

ఈ పద్ధతి ఆసుపత్రుల్లో క్వాలిటీ పనులు చూసే సిస్టర్లకి, మేనేజర్లకి, ఊళ్ళో ఆసుపత్రికి ఏదైనా సాయం చేద్దామనుకునే ఇంజినీరింగ్ పిల్లలకి పనికొస్తుంది. పైథాన్ (ప్రోగ్రాములు రాసే కంప్యూటర్ భాష) కొద్దిగా వస్తే మంచిది. రాకపోయినా సగం పని కాగితం మీదే అవుతుంది. ఇంకా చెప్పాలంటే అసలు పని ఆ సగమే.

ముందు ఒక లూడో పాచిక తెచ్చుకోండి

కంప్యూటర్ ఇప్పుడే తెరవకండి. ఒకే డాక్టర్ ఉన్న ఓపీ అనుకుందాం. పేషెంట్లు సరిగ్గా 4 నిమిషాలకి ఒకరు చొప్పున వస్తున్నారు. డాక్టర్ ఎవరికి ఎంతసేపు తీసుకుంటారో పాచిక చెబుతుంది. 1 పడితే ఒక నిమిషం, 6 పడితే ఆరు. సగటున మూడున్నర నిమిషాలు. నాలుగు నిమిషాలకి ఒకరొస్తుంటే, మూడున్నరలో చూసి పంపేస్తుంటే, ఎవరూ ఆగాల్సిన పనే లేదనిపిస్తుంది కదా?

పదిసార్లు వేస్తే పడిన అంకెలు ఇవనుకోండి: 6, 5, 2, 6, 6, 1, 3, 4, 1, 1. కలిపితే 35, సగటు సరిగ్గా మూడున్నర. ఇప్పుడు కాగితం మీద నడపండి. మొదటి మనిషి సున్నా నిమిషానికి లోపలికెళ్ళి 6కి బయటికొచ్చాడు. రెండో మనిషి 4కే వచ్చాడు కాబట్టి 2 నిమిషాలు ఆగాడు, 11కి బయటపడ్డాడు. మూడో మనిషి 8కి వచ్చి 3 నిమిషాలు ఆగాడు. ఇలా పోతుంటే ఆరో మనిషి 20కి వచ్చి 25 దాకా నిలబడ్డాడు. తీరా చూస్తే లోపల అతని పని ఒక్క నిమిషం. పదో మనిషి 36కి వచ్చేసరికి డాక్టర్ రెండు నిమిషాలుగా ఖాళీగా కూర్చుని ఉన్నారు. పదిమందీ ఆగిన సమయం కలిపితే 18 నిమిషాలు, తలా 1.8.

అవే అంకెలతో ఇంకోసారి నడపండి. ఈసారి పదిమందీ ఒకేసారి, సున్నా నిమిషానికే వచ్చి నిలబడ్డారు. అదే డాక్టర్, అదే 35 నిమిషాల పని. కానీ తలా ఆగింది 19.6 నిమిషాలు.

మూడోసారి: పేషెంట్లు మళ్ళీ 4 నిమిషాలకొకరే, కానీ డాక్టర్ 10 నిమిషాలు ఆలస్యంగా వచ్చారు. తలా 11.6 నిమిషాలు. ఆ పది నిమిషాల ఆలస్యం మొదటి పేషెంటు ఒక్కడి నెత్తిన పడి పోలేదు. పదో మనిషి కూడా 8 నిమిషాలు ఆగాడు.

మీరు ఇప్పుడు చేసిందే సిమ్యులేషన్. కంప్యూటర్ చేసేదీ ఇదే, కాకపోతే పదిమంది బదులు రెండొందల మందితో, ఒక రోజు బదులు ఐదొందల రోజులు, విసుగు లేకుండా చేస్తుంది. క్యూల లెక్కలు కొత్తవేం కావు. డెన్మార్క్‌లో ఎర్లాంగ్ అనే ఆయన 1909లోనే టెలిఫోన్ కాల్స్ కోసం వీటిని మొదలుపెట్టారు. ఆసుపత్రి ఓపీల మీద 1952లో ఇంగ్లండ్‌లో నార్మన్ బెయిలీ చేశారు. ఆయన దగ్గరికి మళ్ళీ వద్దాం.

ప్రశ్న రాసుకోండి, ఒక్కటే

"ఆసుపత్రిని బాగుచేయాలి" అన్నది ప్రశ్న కాదు. "జనరల్ మెడిసిన్ ఓపీలో పేషెంటు గేటులోకి వచ్చిన దగ్గర్నుంచి మందులు చేతికొచ్చే దాకా పట్టే సమయాన్ని తగ్గించాలంటే ఏది మార్చాలి?" ఇది ప్రశ్న. గేటు నుంచి మందుల దాకా అని ఎందుకన్నానంటే, ఒక్క డాక్టర్ గది బయట ఆగిన సమయమే కొలిస్తే మనల్ని మనం మోసం చేసుకోవడం చాలా తేలిక. చీటీ కౌంటర్ని నెమ్మదిగా నడిపితే చాలు, డాక్టర్ దగ్గర క్యూ మాయమైపోతుంది!

ఈ ప్రశ్నని సూపరింటెండెంట్ గారికి చూపించి అనుమతి తీసుకోండి. నోటిమాటగా కాదు, కాగితం మీద. పేర్లు, జబ్బులు, ఫోన్ నంబర్లు రాసుకోబోమని అందులోనే రాయండి. మీకు కావాల్సింది టోకెన్ నంబరు, సమయాలు, అంతే. డాక్టర్ల పేర్లు కూడా వద్దు, గది నంబరు చాలు. ఈ పనిని తర్వాత ఎక్కడైనా ప్రచురించే ఉద్దేశం ఉంటే ఎథిక్స్ కమిటీ అనుమతి కూడా ముందే తీసుకోవాలి.

పేషెంటు వెనకాలే నడవండి

ఒక రోజంతా ఏమీ కొలవకండి. ఒక పేషెంటుని అడిగి, ఆయన వెనకాలే తిరగండి. గేటు, చీటీ, బీపీ చూసే బల్ల, డాక్టర్, రక్తం ఇచ్చే చోటు, మళ్ళీ డాక్టర్, మందుల కౌంటర్. ఇలా నలుగురైదుగురి వెంట తిరిగాక ఒక బొమ్మ గీయండి. గడులు, బాణాలు, అంతే.

ఆ బొమ్మలో వెనక్కి తిరిగే బాణాలు ఎక్కడున్నాయో చూడండి. మన ఓపీల్లో అతి ముఖ్యమైన బాణం ఒకటుంది. అదే రిపోర్టు పట్టుకుని మళ్ళీ అదే డాక్టర్ దగ్గరికి వచ్చే బాణం. రిజిస్టర్లో ఆ మనిషి ఒక్కడే, కానీ డాక్టర్ తలుపు దగ్గర ఇద్దరు. దీన్ని వదిలేస్తే మోడల్ మొత్తం వట్టిదే. నేను వదిలేశాను. ఆ సంగతి తర్వాత చెప్తాను.

బొమ్మని ఓపీలో పాతకాపు అయిన సిస్టర్‌కో, చీటీలు రాసే ఆయనకో చూపించండి. "ఇంజెక్షన్ గది ఏదీ?" అనో, "కుక్కకాటు వాళ్ళు ఇటు రారు, నేరుగా అటు పోతారు" అనో వాళ్ళే సరిచేస్తారు.

గడియారంతో కొలవడం

ఇక్కడ తొందరపడకండి. మోడల్ మంచిదా చెడ్డదా అన్నది ఇక్కడే తేలిపోతుంది.

చాలామంది చేసే పొరపాటు, కంప్యూటర్లో ఉన్న సమయాల్నే తెచ్చి వాడేయడం. ఇప్పుడు చాలా ఆసుపత్రుల్లో చీటీ కంప్యూటర్లోనే ఇస్తున్నారు. 2022 నుంచి అభా (కేంద్రం ఇచ్చే ఆరోగ్య ఖాతా) యాప్‌తో క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి టోకెన్ తీసుకునే సదుపాయం కూడా వచ్చింది. ఆ సమయాలు పనికొస్తాయి, కానీ అవి ఏం చెబుతున్నాయో గుర్తుపెట్టుకోండి. కంప్యూటర్లో 9.40 అని ఉంటే, ఆ మనిషి కౌంటర్ దగ్గరికి 9.40కి చేరాడని అర్థం. ఆయన 7.15 బస్సుకి దిగి అప్పట్నుంచీ నిలబడ్డాడేమో కంప్యూటర్‌కి తెలీదు. మనం తగ్గించాలనుకునే సమయమే అందులో లేదు.

అందుకని రంగు చీటీ పద్ధతి వాడండి. అరచెయ్యంత పసుపు కాగితం, దాని మీద ఆరు గీతలు: గేటు, చీటీ, డాక్టర్ లోపలికి, డాక్టర్ బయటికి, ల్యాబ్, మందులు. రిపోర్టు చూపించడానికి మళ్ళీ వచ్చేవాళ్ళ కోసం వెనకవైపు ఇంకో రెండు గీతలు. గేటు దగ్గర ఒక మనిషి ఉండి లోపలికి వచ్చేవాళ్ళకి చీటీ ఇచ్చి, వచ్చిన సమయం రాయాలి. దాన్ని ఓపీ చీటీకి పిన్ను కొట్టేస్తారు. ప్రతి చోటా ఒకరు ఉండి సమయం వేస్తారు, మందుల కౌంటర్ దగ్గర చీటీ తీసేసుకుంటారు. దీనికి నర్సింగ్ విద్యార్థులు ఆరేడుగురు దొరికితే పని జరిగిపోతుంది. పేషెంట్లనే రాయమంటే కుదరదు. కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయి వచ్చినవాళ్ళే సగం మంది ఉంటారు.

ఒక చిన్న మాట. సమయం అందరూ సెల్‌ఫోన్లోనే చూడాలి. గోడ గడియారాలు చూసి రాస్తే, మందుల కౌంటర్ గడియారం ఏడు నిమిషాలు వెనకుండి, డాక్టర్ గది నుంచి బయటికి రాకముందే మందులు తీసుకున్న పేషెంట్లు మీ లెక్కలో కనిపిస్తారు.

ఏ రోజులు కొలవాలి? ఒక సోమవారం, వారం మధ్యలో ఒక రోజు, పండగ సెలవు తర్వాతి రోజు. కనీసం ఈ మూడు. రోజుకి వంద చీటీలైనా తిరిగి రావాలి. గర్భిణుల ఓపీ కొలుస్తుంటే 9వ తేదీని మిగతా రోజులతో కలపకండి. ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద ప్రతి నెలా 9న గర్భిణులకి ప్రత్యేకంగా పరీక్షలు చేస్తారు. ఆ రోజు లెక్క ఆ రోజుదే.

తిరిగిరాని చీటీలు కూడా ఉంటాయి. రెండొందలు పంచితే నూట డెబ్బై వచ్చాయనుకోండి, మిగతా ముప్పై ఏమయ్యాయి? కొన్ని జేబుల్లో ఇంటికి పోయి ఉంటాయి. కొన్ని మాత్రం విసిగిపోయి డాక్టర్ని చూడకుండానే వెళ్ళిపోయినవాళ్ళవి. చెత్తబుట్టల్లో వెతికైనా సరే, ఎవరు ఏ గీత దాకా వచ్చి వెళ్ళిపోయారో చూడండి. పేషెంటు బాగు కోసమే ఈ పనంతా అయితే, చూడకుండా వెళ్ళిపోయిన ఆ మనిషే మనకి అందరికంటే ముఖ్యం.

పేషెంట్లు వచ్చే తీరుని అరగంటకి ఎంతమంది అన్న లెక్కన రాసుకోండి. రోజు మొత్తానికి ఒకే సగటు వేస్తే పొద్దుటి తాకిడి మాయమైపోతుంది. పల్లెల నుంచి మొదటి బస్సు ఎప్పుడొస్తుందో బస్టాండులో కనుక్కోండి. గుంపుగా దిగుతారు, గుంపుగా వస్తారు. లూడో పాచిక రెండో ఆటలో చూశారు కదా, గుంపుగా వస్తే ఏమవుతుందో.

డాక్టర్లకి ఇది తనిఖీలాగా అనిపిస్తుంది, అనిపించడం సహజం. మొదటి రోజే గదిగదికీ వెళ్ళి, "సార్, మేడమ్, మేం మీ పని కొలవడం లేదు, క్యూని కొలుస్తున్నాం, మీ పేరు ఎక్కడా ఉండదు" అని చెప్పండి. చెప్పకపోతే ఆ రోజు అందరూ మామూలు కంటే చకచకా చూస్తారు. మీకు వచ్చేది ఆ ఆసుపత్రి లెక్క కాదు.

కంప్యూటర్‌లో కట్టడం

పైథాన్‌లో సిమ్‌పై అనే లైబ్రరీ, అంటే ముందే రాసిపెట్టిన కోడ్ కట్ట, ఉంది. ఉచితం. పేషెంట్లు వరసగా చోట్లు మారుతూ పోయే ఇలాంటి పనికి అది చక్కగా సరిపోతుంది. పైథాన్ అసలే రానివాళ్ళు ఎక్సెల్‌లో ఒక్కో పేషెంటుకి ఒక్కో వరుస పెట్టి, లూడో ఆటలాగే కట్టొచ్చు. ఒకటి రెండు కౌంటర్ల దాకా అది లాగుతుంది, రిపోర్టు బాణం వచ్చేసరికి చిక్కుపడుతుంది.

సిమ్‌పైలో ముఖ్యంగా తెలియాల్సినవి రెండే. డాక్టర్లు, కౌంటర్లు, ల్యాబ్ టెక్నీషియన్లు "రిసోర్స్"లు, అంటే ఒకేసారి ఇంతమందికే పని చేయగలిగేవి. పేషెంటు ఒక "ప్రాసెస్", అంటే మొదటి నుంచి చివరి దాకా ఒక కథ. ఆ కథ మాటల్లో ఇలా ఉంటుంది:

గేటులోకి వచ్చాను, సమయం రాసుకో.
చీటీ కౌంటర్ ఖాళీ అయ్యే దాకా ఆగు. చీటీ రాసేంతసేపు ఉండు. కౌంటర్ని వదిలెయ్.
డాక్టర్ ఖాళీ అయ్యే దాకా ఆగు. గంటన్నర దాటినా పిలవకపోతే, కొంతమంది వెళ్ళిపోతారు.
చూపించుకునేంతసేపు ఉండు. డాక్టర్ని వదిలెయ్.
పరీక్ష రాశారా? రాస్తే ల్యాబ్‌కి పో, రిపోర్టు వచ్చే దాకా ఆగు, మళ్ళీ డాక్టర్ క్యూలో నిలబడు.
మందులు తీసుకో, సమయం రాసుకో, వెళ్ళిపో.

ఈ ఆరు మెట్లనీ పైథాన్‌లోకి మారిస్తే యాభై అరవై లైన్లు అవుతుంది. ఇప్పుడు ఏఐ చాట్ టూల్స్‌ని అడిగినా రాసి పెడతాయి. రాసి పెట్టినదాన్ని లైను లైను చదవకుండా మాత్రం నమ్మకండి. డాక్టర్ని "వదిలెయ్" అన్న లైను ఒక్కటి తప్పిపోతే, మొదటి పేషెంటుతోనే డాక్టర్ సాయంత్రం దాకా లోపల కూర్చుండిపోతారు.

డాక్టర్ ఒక్కొక్కరికి ఎంతసేపు తీసుకుంటారు అన్నచోట సగటు పెట్టకండి. మీ పసుపు చీటీల్లో ఉన్న అసలు నిమిషాల్నే ఒక సంచిలో వేసి, ప్రతి పేషెంటుకీ అందులోంచి ఒకటి చేతికొచ్చినట్టు తీసి, మళ్ళీ సంచిలో వేసేయమని కంప్యూటర్‌కి చెప్పండి. రెండు నిమిషాల పేషెంట్ల మధ్య పదిహేను నిమిషాల పేషెంటు ఒకడు వస్తాడు. క్యూ పెరిగేది ఆ ఒక్కడి వల్లే. సగటు పెడితే అతను మాయమవుతాడు.

డాక్టర్ ఎప్పుడూ కుర్చీలోనే ఉంటారని అనుకోకండి. వార్డు రౌండు, ఎమర్జెన్సీ పిలుపు, పోలీసు కేసుల్లో కోర్టు సాక్ష్యం, టీ, మెడికల్ రెప్‌లు. వీటిని మీరు చూసినట్టే మోడల్లో పెట్టాలి. పెద్దవాళ్ళని, గర్భిణుల్ని, చంటిబిడ్డ తల్లుల్ని ముందు పంపే అలవాటుంటే అదీ పెట్టాలి. సిమ్‌పైలో ప్రాధాన్యం ఇచ్చే రిసోర్స్ వేరే ఉంది, దాన్ని వాడండి. తెలిసినవాళ్ళని పక్క తలుపు నుంచి పంపడం కూడా మీరు చూసే ఉంటారు. అదీ పెట్టండి, మొహమాటం దేనికి?

కట్టింది నిజమేనా?

మొదటిసారి నేను ఒక ఆసుపత్రికి ఇలాంటి మోడల్ కట్టినప్పుడు, పేషెంట్లు డాక్టర్ దగ్గర సగటున పావుగంట ఆగుతున్నారని అది చెప్పింది. గ్రాఫులు రంగురంగులుగా వచ్చాయి. సంతోషంగా ల్యాప్‌టాప్ పట్టుకెళ్ళి ఓపీ హెడ్ సిస్టర్‌కి చూపించాను. ఆవిడ కళ్ళజోడు పైకెత్తి చూసి, "పావుగంటా? ఈ ఆసుపత్రి ఎక్కడుంది బాబూ, మా అమ్మని కూడా అక్కడికే తీసుకెళ్తా" అన్నారు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు, నేనూ నవ్వాను, లోపల మాత్రం తల కొట్టేసినట్టయింది.

తర్వాత ఆవిడే నన్ను పదకొండున్నరకి డాక్టర్ గది గుమ్మం దగ్గర నిలబెట్టారు. రిపోర్టులు చేతిలో పట్టుకున్నవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి, వరసలో నిలబడకుండా తలుపు పక్కనుంచి, "రిపోర్టు ఒక్కటే సార్, చూపించి వెళ్తాం" అంటూ దూరిపోతున్నారు. పొద్దుట్నుంచి వరసలో ఉన్నవాళ్ళు గొణుగుతున్నారు. నా మోడల్లో ఆ మనుషులే లేరు.

అందుకే మీరు ఈ పరీక్షలు పెట్టండి. కొలిచిన ఒక రోజుని పక్కన పెట్టి, మిగతా రోజుల లెక్కతో మోడల్ కట్టండి. తర్వాత ఆ పక్కన పెట్టిన రోజు పేషెంట్లు వచ్చిన తీరుని దానికి ఇచ్చి, క్యూ ఏ గంటకి ఎంత ఉందో చెప్పమనండి. మీరు కళ్ళారా చూసినదానికి దగ్గరగా రావాలి. సగటు ఒక్కటే కలిస్తే చాలదు, క్యూ పెరిగే గంట, తగ్గే గంట కూడా కలవాలి.

ఇంకో తేలిక లెక్క ఉంది. జాన్ లిటిల్ అనే ఆయన 1961లో రుజువు చేసిన సూత్రం. హాల్లో సగటున ఎంతమంది ఉంటారంటే, గంటకి వచ్చేవాళ్ళని, ఒక్కొక్కరు లోపల ఉండే గంటలతో గుణిస్తే చాలు. గంటకి 45 మంది వస్తూ, ఒక్కొక్కరు రెండు గంటలు ఉంటే, హాల్లో సగటున 90 మంది. ప్రతి అరగంటకీ తలలు లెక్కపెట్టి ఉంచుకుంటే మీ మోడల్ చెప్పే అంకెని దీనితో సరిచూసుకోవచ్చు. లెక్కపెట్టేటప్పుడు పేషెంట్లనే లెక్కపెట్టండి, వెంట వచ్చినవాళ్ళని కాదు. మన దగ్గర ఒక పేషెంటు వస్తే వెంట ఒకరో ఇద్దరో వస్తారు. కుర్చీల లెక్కకి మాత్రం వాళ్ళూ కావాలి.

ఏది మారిస్తే ఏమవుతుంది

ఇప్పుడు అసలు ఆట మొదలవుతుంది. కాకపోతే ఒక నియమం. ఒక్కసారి నడిపి వచ్చిన ఫలితాన్ని ఎవరికీ చెప్పకండి. పాచిక ఒకసారి 6 పడిందని ప్రతిసారీ 6 పడదు కదా. ప్రతి మార్పునీ కనీసం రెండొందల రోజులు నడపండి. పాత పద్ధతికీ కొత్త పద్ధతికీ అవే రెండొందల రోజుల పేషెంట్లని ఇవ్వండి. అంటే కంప్యూటర్ పాచికలు రెండింటికీ ఒకేలా పడేట్టు ఒకే "సీడ్" నంబరు పెట్టండి. అప్పుడు తేడా మీ మార్పు వల్ల వచ్చిందే అవుతుంది, అదృష్టం వల్ల వచ్చింది కాదు. ఫలితం చెప్పేటప్పుడు సగటుతో పాటు, పదిమందిలో తొమ్మిదిమంది ఎంతలోపు బయటపడుతున్నారో కూడా చెప్పండి. సూపరింటెండెంట్ దగ్గరికి ఫిర్యాదు తెచ్చేది ఆ పదోవాడే.

చీటీ కౌంటర్ ఇంకోటి తెరవడం అందరికీ మొదట తట్టే ఆలోచన. నడిపి చూడండి. డాక్టర్ల దగ్గరే ఇరుకు ఉన్నచోట, కొత్త కౌంటర్ వల్ల జనం ఎండలోంచి త్వరగా హాల్లోకి వస్తారు, హాల్లో అంతే ఎక్కువసేపు ఆగుతారు. గేటు నుంచి మందుల దాకా పట్టే సమయం దాదాపు కదలదు. ఎండలో నిలబడటం తప్పింది కాబట్టి అదీ మేలే, కాదనను. కానీ క్యూ తగ్గిందని ఫొటోలు తీసి పంపకండి.

డాక్టర్ని పెంచే ముందు ఈ లెక్క చూడండి. ఊరికే ఉదాహరణకి: ముగ్గురు డాక్టర్లు, పొద్దున తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా, అంటే మొత్తం 720 డాక్టర్ నిమిషాలు. 180 మంది పేషెంట్లు, ఒక్కొక్కరికి 3 నిమిషాలు, 540 నిమిషాల పని. డాక్టర్ల సమయంలో 75 శాతం నిండింది, బాగానే ఉంది. ఇప్పుడు అందులో 60 మంది రిపోర్టు చూపించడానికి మళ్ళీ వచ్చి రెండేసి నిమిషాలు తీసుకుంటే ఇంకో 120 నిమిషాలు. 660, అంటే దాదాపు 92 శాతం.

75కీ 92కీ తేడా చిన్నదిలా కనిపిస్తుంది. కానీ క్యూ అలా పెరగదు. ఒకే డాక్టర్, ఎప్పుడుపడితే అప్పుడు వచ్చే పేషెంట్లు అన్న అతి సరళమైన లెక్కలో చూసినా, డాక్టర్ సమయం 80 శాతం నిండితే పేషెంటు తన ముందు నలుగురిని చూసేంతసేపు ఆగుతాడు. 90 శాతానికి తొమ్మిదిమంది. 95 శాతానికి పంతొమ్మిదిమంది. డాక్టర్ ఒక్క క్షణం కూడా ఖాళీగా ఉండకూడదని పట్టుబట్టే మేనేజర్లు ఈ మూడు అంకెల్నీ టేబుల్ మీద అంటించుకోవాలని నా కోరిక.

అందుకే రిపోర్టు బాణం మీద చేయి వేయండి. షుగర్, థైరాయిడ్ లాంటి పాత పేషెంట్లకి వచ్చేసారి ఏ పరీక్ష కావాలో ఇవాళే చీటీ మీద రాసిస్తే, వాళ్ళు పొద్దున్నే పరగడుపున వచ్చి ముందు ల్యాబ్‌లో రక్తం ఇచ్చి, రిపోర్టుతోనే డాక్టర్ దగ్గరికి వెళ్తారు. రెండు రాకలు ఒకటవుతాయి. రిపోర్టులు చూపించడానికి పన్నెండు తర్వాత ఒక గది కేటాయిస్తే ఎలా ఉంటుందో కూడా నడిపి చూడండి. ల్యాబ్‌లో రిపోర్టులు ఒకేసారి కట్టగా పన్నెండున్నరకి ఇచ్చే బదులు, అయినవి అయినట్టు ఇస్తే ఏమవుతుందో కూడా. నేను సరిచేసిన మోడల్లో డాక్టర్ని పెంచడం కంటే ల్యాబ్ కట్టల్ని విప్పడమే ఎక్కువ పనిచేసింది. మీ ఆసుపత్రిలో అలాగే అవుతుందని కాదు. మీది మీరు నడిపి చూడాలి.

అపాయింట్‌మెంట్ల సంగతి. బెయిలీ 1952లో చెప్పిన పద్ధతి ఇది: మొదటి సమయానికి ఇద్దరిని పిలవండి, ఆ తర్వాత డాక్టర్‌కి సగటున పట్టేంత వ్యవధికి ఒక్కొక్కరిని. మొదటి మనిషి రాకపోయినా డాక్టర్ ఖాళీగా కూర్చోరు, క్యూ కూడా కొండలా పెరగదు. మీ మోడల్లో ఇద్దరి బదులు ముగ్గురిని, నలుగురిని పెట్టి చూడండి. కానీ బస్సు వేళలే అపాయింట్‌మెంట్ వేళలైన చోట పదకొండు గంటలకి రమ్మంటే ఎవరొస్తారు? తొమ్మిది బస్సు తప్పితే మళ్ళీ మధ్యాహ్నమే. అక్కడ గంట గంటకీ కాకుండా, పొద్దున ఈ మండలాలు, పది తర్వాత ఊళ్ళోవాళ్ళు అని రెండు ముక్కలుగా పిలిస్తే ఎలా ఉంటుందో నడపండి.

డాక్టర్లు ఇరవై నిమిషాలు ముందు మొదలుపెడితే అన్నది కూడా నడపండి. దీనికి పైసా ఖర్చు లేదు. ఫలితాన్ని మాత్రం మీటింగులో అందరి ముందు పెట్టకండి, సూపరింటెండెంట్ గారికి విడిగా చూపించండి.

వార్డులకి, ఐసీయూలకి కట్టాలంటే

పద్ధతి ఇదే, రెండు తేడాలున్నాయి. ఓపీ రోజూ పొద్దున ఖాళీగా మొదలవుతుంది, వార్డు ఎప్పుడూ ఖాళీగా ఉండదు. కాబట్టి మోడల్‌ని ముందు కొన్ని వారాలు ఊరికే నడిపి, మంచాలు మామూలుగా నిండాక లెక్క మొదలుపెట్టాలి. రెండోది, పేషెంటు ఎన్ని రోజులు ఉన్నాడు అన్నదాన్ని రెండుగా విడగొట్టండి: వైద్యానికి పట్టిన రోజులు, డాక్టర్ "ఇంటికి వెళ్ళొచ్చు" అన్నాక డిశ్చార్జ్ కాగితాలకీ బిల్లుకీ ఆరోగ్యశ్రీ అనుమతులకీ పట్టిన గంటలు. మంచం దొరకక క్యాజువాలిటీలో స్ట్రెచర్ మీద ఉన్న మనిషి ఎదురుచూస్తున్నది చాలాసార్లు ఈ రెండోదాని కోసమే.

చూపించడం, మళ్ళీ కొలవడం

ఫలితాల్ని గ్రాఫులుగా చూపిస్తే తలలూపుతారు, మర్చిపోతారు. చుక్కలు కదిలే బొమ్మ చూపించండి. ఒక్కో పేషెంటు ఒక చుక్క, గేటులోంచి వచ్చి, డాక్టర్ తలుపు దగ్గర గుంపుకట్టి, పదకొండున్నరకి ల్యాబ్ వైపు నుంచి ఎర్రచుక్కలు తిరిగి వస్తుంటే గదిలో అందరూ ముందుకి వంగి చూస్తారు. ఎర్రచుక్కలు ఎవరో ఎవరికీ చెప్పాల్సిన పని ఉండదు.

ఒక్క మార్పుతో మొదలుపెట్టమని అడగండి, అదీ ఒక్క ఓపీలో. మొదలుపెట్టే రోజు సోమవారం కాకుండా చూసుకోండి. ల్యాబ్ వాళ్ళతో ముందే మాట్లాడండి, కట్టలు విప్పితే తిరుగుడు పని పెరిగేది వాళ్ళకే. ఒక అటెండర్ని రిపోర్టులు తెచ్చే పనికి పెట్టగలరేమో అడగండి.

తర్వాత అదే పసుపు చీటీలతో మళ్ళీ కొలవండి. మొదటి వారం కొలవకండి, కొత్తలో అందరూ జాగ్రత్తగా ఉంటారు. మూడో సోమవారం వెళ్ళండి. అదే గేటు, అవే ఆరు గీతలు, సెల్‌ఫోన్ గడియారాలు. ఈసారి చీటీలు ఇంకో యాభై ఎక్కువ వేయించుకోండి. క్యూ తగ్గిందని చుట్టుపక్కల ఊళ్ళలో తెలిస్తే, ఇన్నాళ్ళూ రానివాళ్ళు కూడా వస్తారు. మోడల్లో వాళ్ళ లెక్క లేదు.